మూడడుగుల ఎత్తు నుంచి

మూడేళ్ళ పిల్లను సాయంత్రం పార్కుకు తీసుకువెళ్ళే పెద్దలు తరచుగా వేసుకునే ప్రశ్న ఒకటుంది: నడవడానికని వచ్చి పిల్లలు నడవరెందుకు? పెద్దవారు నడకదారి మీద ఒక చుట్టు తిరిగి రావడానికి పది నిమిషాలు పడితే, అదే దారిలో పిల్ల మొదటి మలుపు దాటకముందే పొద్దు గుంకుతుంది. అది పది అడుగులకొకసారి చతికిలబడి, గులకరాయినో, ఎండుటాకునో, గోడవారగా సాగుతున్న చీమల బారునో చూస్తూ, లేపితే ఏడుస్తూ, లేపకపోతే మట్టి పులుముకుంటూ ఉండిపోతుంది. పిల్లలకు నిలకడ ఉండదన్నది ఈ ప్రశ్నకు ఇళ్ళలో సాధారణంగా వినిపించే జవాబు. కాస్త గమనించి చూస్తే నిలకడ లేనిది ఎవరికో వేరే తేలుతుంది. ఒక్క చీమను పావుగంట సేపు చూడగలిగినది పిల్ల, ఆ పావుగంటలో నాలుగుసార్లు ఫోను తీసి చూసుకున్నది వెంట వచ్చిన పెద్దమనిషి.

పిల్ల అలా ఆగిపోవడంలోనే ప్రకృతి పరిశీలనకు కావలసిన పద్ధతి చాలావరకు ఉందనీ, పక్కనున్న పెద్దల పని జవాబులు అందించడం కన్నా పిల్ల అడిగిన దాన్ని అక్కడికక్కడే పరీక్షించి చూడదగిన ప్రశ్నగా మలచడమనీ ఈ అధ్యాయంలోని వాదన. ఇందుకు హైదరాబాదు కాలనీ పార్కుల్లోనూ, జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానంద రెడ్డి జాతీయ ఉద్యానం పరిసరాల్లోనూ ఎవరికైనా కనిపించే జీవులే ఉదాహరణలు. ఇవి చాలావరకు గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న పార్కులోనూ దొరుకుతాయి.

ఎత్తు, దగ్గర, వెలుగు

మూడేళ్ళ పిల్ల ఎత్తు సగటున 95 సెంటీమీటర్లు, అంటే మూడడుగులకు కాస్త ఎక్కువ. నిలబడినప్పుడే దాని కళ్ళు నేలకు ఒక మీటరు లోపు ఉంటాయి, చతికిలబడితే ఇంకా సగానికి దిగుతాయి. ఒక వస్తువు కంటికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నది అది ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది కనుక, దూరం నాలుగో వంతుకు తగ్గితే చీమ కంటికి దాదాపు నాలుగింతలై కనిపిస్తుంది. నిలబడి కిందికి చూసే తండ్రికి అది కదిలే నల్లని చుక్క. పక్కనే కూర్చున్న పిల్లకు అది మీసాలు, నడుము, కాళ్ళు ఉన్న ప్రాణి.

దీనికి తోడు మరొక సౌలభ్యం పిల్లల కంటిలోనే ఉంది. కంటిలోని కటకం తన మందాన్ని మార్చుకుంటూ దగ్గరి వస్తువుల మీదా దూరపు వస్తువుల మీదా చూపును కుదుర్చుకోగలదు. చూపు సర్దుబాటు అనదగిన ఈ శక్తిని వైద్యులు అకామడేషన్ అంటారు. చిన్న వయసులో కటకం మెత్తగా ఉంటుంది కనుక పిల్లలు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూడగలరు. నలభై దాటిన వారికి ఆ దూరం ఇరవై సెంటీమీటర్లను మించిపోతుంది, ఆపైన కళ్ళజోడు తప్పదు. పురుగును ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూసే పిల్లను అసహ్యంగా అలా చేయవద్దని మందలించే తాతగారికి, ఆ చూపు తన దగ్గర ఇప్పుడు లేదన్న సంగతి గుర్తుండకపోవచ్చు.

ఆరుబయట గడపడం ఆ కంటికే మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లల మీద జరిగి 2015లో ప్రచురితమైన పరిశోధనలో, రోజూ బడివేళల్లోనే అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్ళలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం, వచ్చింది. మామూలుగా చదువుకున్న పిల్లల్లో అది 39.5 శాతం. ఇంట్లో దీపాల వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్స్ మాత్రమే ఉండగా చెట్టునీడన కూడా అది వేలల్లో ఉంటుంది, నేరుగా ఎండలో లక్షకు చేరుతుంది. ఆ వెలుగు కంటిపొరలో డోపమైన్ అనే రసాయనాన్ని పెంచి, కనుగుడ్డు అవసరానికి మించి పొడవు పెరగకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తొండను చూస్తూ నిలబడ్డ పిల్లకు ఇదంతా అడక్కుండా కలిసివచ్చే లాభం.

జవాబు ఎంత త్వరగా చెప్పాలి

పిల్ల చేయి చాచి చూపించగానే దాని పేరు చెప్పడం పెద్దలకు అలవాటు. అది ప్రేమతో చేసే పనే అయినా, దాని ఫలితం అనుకున్నంత మంచిది కాకపోవచ్చునని సూచించే ప్రయోగం ఒకటుంది. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, వారి సహచరులు 2011లో ప్రచురించిన ఆ ప్రయోగంలో గొట్టాలతో చేసిన ఒక కొత్త ఆటబొమ్మను బడి ఈడు రాని పిల్లలకు ఇచ్చారు. దానిలో ఒక గొట్టం లాగితే కీచుమనడంతో పాటు, వెలిగే దీపం, మోగే మీట, తలకిందులుగా ముఖం చూపించే అద్దం కూడా దాగి ఉన్నాయి. కొందరు పిల్లలకు పరిశోధకురాలు ఉపాధ్యాయినిలా ‘ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తాను’ అని గొట్టం లాగి చూపించింది. మరికొందరి ముందు అదే గొట్టాన్ని పొరపాటున తగిలినట్టు లాగింది. పాఠంలా చూపించినప్పుడు పిల్లలు ఆ ఒక్క పనినే మళ్ళీ మళ్ళీ చేసి, బొమ్మను త్వరగా వదిలేశారు. పొరపాటున జరిగినట్టు చూసిన వారు ఎక్కువసేపు ఆడి, దాగి ఉన్న మిగతా వాటిని ఎక్కువగా కనుక్కున్నారు. తెలిసినవారు ఇంతే చూపించారంటే అందులో ఇంతకు మించి లేదని పిల్లలు తర్కించుకున్నారన్నమాట. ఆ తర్కంలో తప్పు లేదు. చూపించినవారి తొందరలోనే ఉంది.

దీన్నిబట్టి పేర్లు చెప్పనే కూడదని వాదించడం అతి అవుతుంది. పేర్లు నేర్చుకోవడంలో పిల్లలకున్న సామర్థ్యం పెద్దలను సిగ్గుపరిచేంతది. 2002లో ఆండ్రూ బామ్‌ఫర్డ్ బృందం బ్రిటన్‌లోని పిల్లలకు బొమ్మల కార్డులు చూపించి పేర్లు అడిగితే, ఎనిమిదేళ్ళ పిల్లలు పోకెమాన్ ఆటలోని కల్పిత ప్రాణులను దాదాపు 80 శాతం వరకు గుర్తుపట్టారు గాని, తమ దేశపు చెట్లలో, పురుగుల్లో, జంతువుల్లో సగాన్ని కూడా పోల్చుకోలేకపోయారు. జ్ఞాపకశక్తి కొరత అక్కడ లేదు, పరిచయం కొరత ఉంది. కనుక పేరు చెప్పవలసిందే, అయితే చూడడం అయిన తరువాత. పిల్ల ఒక పిట్టను చూపించినప్పుడు ‘అది పిగిలిపిట్ట’ అని ముగించడానికి ముందు, ‘దాని తోక కింద ఏ రంగు ఉంది’ అని ఒక్క మాట అడిగితే పిల్ల మరోసారి చూస్తుంది, ఎర్రని మచ్చ కనిపిస్తుంది. అప్పుడు చెప్పిన పేరుకు తగులుకోవడానికి ఒక కొక్కెం దొరుకుతుంది.

పిల్లల ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు చాలాసార్లు పెద్దలకు జవాబు తెలియదు, తెలిసినా అది పిల్లకు అందదు. దాన్ని ‘ఇలా చేస్తే ఏమవుతుంది’ అన్న ప్రశ్నగా మార్చగలిగితే మాత్రం జవాబు చెప్పే బాధ్యత పెద్దల మీది నుంచి ఆ పురుగు మీదికో మొక్క మీదికో మారిపోతుంది. తరువాతి భాగాలన్నీ ఈ మార్పిడికి ఉదాహరణలే.

ఇసుకలో గరాటు గుంటలు

వాన తడవని చోట, అంటే బెంచీ కింద, గోడ చూరు కింద, పెద్ద చెట్టు మొదట్లో, మెత్తని పొడిమట్టిలో ఒకటి రెండంగుళాల వెడల్పున చిన్న చిన్న గరాటు గుంటలు ఉంటాయి. నిలబడి నడిచే పెద్దలకు ఇవి కనిపించవు, కనిపించినా వాన చినుకుల గుర్తులనుకుంటారు. ఇవి తూనీగను పోలిన ఒక కీటకపు పిల్లపురుగులు వేసిన వలలు. ఇంగ్లీషులో యాంట్‌లయన్ అని పిలిచే ఈ పిల్లపురుగు వెనక్కి నడుస్తూ, వలయాలుగా తిరుగుతూ, చదునైన తలతో మట్టిని ఎగజిమ్ముతూ గుంట తవ్వి, అడుగున దవడలు మాత్రం పైకి పెట్టుకుని మట్టిలో కూరుకుని కూర్చుంటుంది.

అంచు మీద కాలు పెట్టిన చీమ ఎందుకు జారుతుందన్నది ఇక్కడ పిల్ల అడిగే ప్రశ్న. దీనికి జవాబు పక్కనే ఉన్న పొడి ఇసుకలో దొరుకుతుంది. పిడికిలిలోంచి ఇసుకను సన్నగా ధారగా నేల మీదికి వదలమంటే పిల్ల ఆనందంగా వదులుతుంది, ఒక కుప్ప లేస్తుంది. ఇంకా పోస్తే కుప్ప ఎత్తూ వెడల్పూ పెరుగుతాయి గాని, దాని పక్కల ఏటవాలు మాత్రం మారదు. వాలు కాస్త నిటారైనప్పుడల్లా గింజలు జారి మళ్ళీ పాత వాలుకే వస్తాయి. ఇసుక రేణువుల మధ్య ఉన్న రాపిడి మోయగలిగిన గరిష్ఠపు ఏటవాలును నిలకడ వాలు అనవచ్చు, ఇంగ్లీషులో దీనికి యాంగిల్ ఆఫ్ రిపోజ్ అని పేరు. పొడి ఇసుకకు ఇది 30 నుంచి 35 డిగ్రీల దాకా ఉంటుంది. ఇల్లు కడుతున్న చోట లారీ దించిన ఇసుకగుట్టా, మార్కెట్ యార్డులో పోసిన ధాన్యపు రాశీ తమ తమ నిలకడ వాలులోనే నిలుస్తాయి.

గుంట తవ్వే పురుగు సరిగ్గా ఈ హద్దు దగ్గర తన గోడలను నిలుపుతుంది. మట్టి తనంతట తాను కూలదు, అయితే అదనంగా ఒక చీమ బరువు పడితే చాలు, జారుతుంది. చీమ ఎక్కబోయిన కొద్దీ కాళ్ళ కింద నేల కదిలిపోతుంది, పురుగు కిందనుంచి మట్టి విసిరి ఆ జారుడును ఇంకా పెంచుతుంది. తవ్వేటప్పుడు పెద్ద రేణువులు బయటికి పోయి, సన్నని పొడి గోడలకు మిగలడం కూడా దానికి కలిసివచ్చే విషయమే. దొరికిన చీమను బోలు దవడలతో కుట్టి, లోపలి రసం పీల్చి, ఎండిన డొల్లను గుంట బయటికి విసిరేస్తుంది. గుంట చుట్టూ పడివున్న తలలనూ కాళ్ళనూ పిల్లలే ముందు కనిపెడతారు.

ఇక్కడ చీమను పట్టి గుంటలో వేసి చూడడం తరతరాలుగా పిల్లలు చేస్తున్న పని. సన్నని గడ్డిపోచ కొనతో గుంట గోడను తాకినా, నాలుగు రేణువులు దొర్లించినా పురుగు మట్టి విసురుతుంది కనుక చీమను బలి ఇవ్వకుండానే చూడవలసింది చూడవచ్చు. ఆ తరువాత నాలుగు చుక్కల నీళ్ళు కలిపిన ఇసుకతో కుప్ప చేయమంటే ఈసారి గోడ నిటారుగా నిలుస్తుంది. రేణువుల మధ్య చేరిన నీటి పొర వాటిని దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. అలాగైతే వానాకాలంలో ఈ పురుగు ఏం చేస్తుందన్న ప్రశ్న నాలుగేళ్ళ పిల్ల కూడా అడగగలదు, తడవని చోట్లలోనే ఈ గుంటలు ఎందుకు ఉన్నాయో తనే చెప్పగలదు.

పిల్లలకు ఇంతకన్నా నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఈ పిల్లపురుగు పేగు చివర మూసుకుపోయి ఉంటుంది, అది విసర్జించలేదు. నెలల పాటు, కొన్ని జాతుల్లో రెండు మూడేళ్ళ పాటు తిన్న తిండి తాలూకు మలినాన్ని లోపలే దాచుకుని, ఇసుకా పట్టుదారమూ కలిపి అల్లుకున్న గూటిలో రూపం మార్చుకుని, రెక్కల కీటకంగా వెలికి వచ్చిన తరువాతే వదిలించుకుంటుంది. ఆ రెక్కల కీటకం సాయంత్రం దీపాల దగ్గరకు వస్తుంది. తూనీగలా ఉన్నా దాని మీసాలు పొడుగ్గా, కొనలు ఉబ్బి ఉంటాయి.

ముట్టుకుంటే ముడుచుకునే ఆకు

పచ్చికలో తేమగా ఉన్న చోట అత్తిపత్తి కనిపిస్తే పిల్ల అక్కడినుంచి కదలదు. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఈ మొక్క ఆకును తాకగానే చిట్టి ఆకులు జతలు జతలుగా ముడుచుకుని, కాస్త గట్టిగా తాకితే కాడతో సహా కిందికి వాలిపోతుంది. మొక్కకు కండరాలు లేవు, నరాలు లేవు, మరి కదిలేది ఏమిటి?

కాడ మొదట్లోనూ ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ కాస్త ఉబ్బిన భాగం ఉంటుంది, దాన్ని కీలుబుడిపె అనవచ్చు, వృక్షశాస్త్రంలో పల్వైనస్ అంటారు. దానిలోని కణాలు నీటితో బిర్రుగా నిండి ఉన్నంతసేపు ఆకు నిలబడి ఉంటుంది. నీరు నిండిన కణం తన గోడను లోపలినుంచి నెట్టే ఈ బలాన్ని పాఠ్యపుస్తకాలు స్ఫీత పీడనం అంటాయి. గాలి నిండుగా కొట్టిన సైకిలు ట్యూబు బిగువుగా నిలిచి, వాల్వు తీయగానే సొమ్మసిల్లినట్టు, తాకిడి తగలగానే బుడిపెలో ఒక వైపు కణాలు తమలోని పొటాషియం, క్లోరైడ్ లవణాలను బయటికి వదులుతాయి, వాటి వెంట నీరు పోతుంది, ఆ వైపు కుంగడంతో ఆకు అటు వాలుతుంది. ట్యూబుకూ దీనికీ తేడా ఏమంటే ఇక్కడ పంపు కూడా లోపలే ఉంది. పది ఇరవై నిమిషాల్లో లవణాలూ నీరూ తిరిగి చేరుకుని ఆకు మళ్ళీ విచ్చుకుంటుంది. తాకిన కబురు ఒక చిట్టి ఆకు నుంచి మరొకదానికి విద్యుత్ సంకేతంగా సాగుతుందని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ తాను స్వయంగా రూపొందించుకున్న సున్నితమైన పరికరాలతో కొలిచి చూపించారు. సంకేతం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే నడుస్తుంది కనుక, కొన ఆకును మాత్రమే గిల్లితే ముడత వరసగా పాకడం పిల్ల కళ్ళతోనే చూడగలదు.

పిల్లతో చేసి చూడవలసినవి ఇక్కడ అనేకం: నోటితో ఊదితే ముడుచుకుంటుందా, నీటి చుక్క పడితే ముడుచుకుంటుందా, ఒకే ఆకును విచ్చుకున్నప్పుడల్లా మళ్ళీ మళ్ళీ తాకితే ఏమవుతుంది? చివరి ప్రశ్న పసితనపుది కాదు. 2014లో మోనికా గాలియానో బృందం కుండీల్లోని అత్తిపత్తి మొక్కలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెత్తని దాని మీదికి పదే పదే జారవిడిచి చూస్తే, హాని లేదని తేలిన కొద్దీ అవి ముడుచుకోవడం మానేశాయి, వేరే రకంగా కుదిపితే మాత్రం మళ్ళీ ముడుచుకున్నాయి. దీన్ని నేర్చుకోవడం అనవచ్చునా, అది కేవలం అలసటా అన్న వాదం ఇంకా తెమలలేదు. ముడుచుకోవడం వల్ల మొక్కకు ఏం లాభమన్న దానికి మాత్రం 2022లో జపాను శాస్త్రజ్ఞుల పరిశోధన ఒక జవాబు ఇచ్చింది: కదలలేకుండా మార్చిన మొక్కలను మిడతలు మామూలు మొక్కల కన్నా ఎక్కువగా తినేశాయి.

అత్తిపత్తి పొద్దుగుంకాక ఎవరూ తాకకుండానే ముడుచుకుంటుంది. రోడ్ల పక్కనా పార్కుల్లోనూ గొడుగులా పరుచుకుని ఉండే నిద్రగన్నేరు కూడా అంతే, అది కూడా చిక్కుడు కుటుంబానికే చెందినది, దానికీ కీలుబుడిపెలు ఉన్నాయి. చీకటి పడడం వల్లనే ఇలా జరుగుతుందని తోస్తుంది. అయితే 1729లో ఫ్రాన్సులో జాన్ జాక్ దోర్తు ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఇటువంటి మొక్కను రాత్రింబవళ్ళు చీకటిలోనే ఉంచి చూశాడు. వెలుగు సోకకపోయినా అది పగటివేళ విచ్చుకుంది, రాత్రివేళ ముడుచుకుంది. ప్రాణుల లోపల ఒక కాలమానం ఉందన్న ఆలోచన మొదలైనది అలా ఒక మొక్కను అలమారలో పెట్టి చూడడంతోనే.

చీమల బాట, పిల్లల సాయం

చీమల బారు దగ్గర చేయవలసినది ఒక్కటే. బారుకు అడ్డంగా నేలను వేలితో గట్టిగా ఒకసారి రాస్తే, వస్తున్న చీమలు ఆ గీత దగ్గర ఆగి, అటూ ఇటూ తిరిగి, కాసేపు తికమకపడి, తరువాత దారి కలుపుకుంటాయి. చీమలు కంటితో కాక, ముందు నడిచినవి నేల మీద వదిలిన వాసన గుర్తులతో నడుస్తున్నాయని పిల్లకు అర్థం కావడానికి ఇంతకన్నా మాటలు అక్కరలేదు. ఫెరొమోన్ అని పిలిచే ఇటువంటి రసాయనపు జాడ నిప్పుచీమల్లో ఏ గ్రంథి నుంచి వస్తుందో ఎడ్వర్డ్ విల్సన్ 1950ల చివర కనిపెట్టాడు. ఏడేళ్ళ వయసులో చేప ముల్లు గుచ్చుకుని ఆయనకు కుడికన్ను చూపు పోయింది. దూరాన ఎగిరే పక్షుల మీద కాక, వేళ్ళ మధ్య పట్టుకుని మిగిలిన కంటికి దగ్గరగా చూడగలిగిన చీమల మీద తన జీవితమంతా పెట్టడానికి అదొక కారణమని ఆయనే చెప్పుకున్నాడు.

పిల్లలు పరిశోధనకు అడ్డం కాదన్నదానికి చార్లెస్ డార్విన్ ఇల్లు మంచి సాక్ష్యం. 1850ల్లో డౌన్ గ్రామంలోని తన తోటలో మగ తుమ్మెదలు ఒకే దారిలో ఒకే పొదల దగ్గర ఆగుతూ పోతున్నాయని గమనించి, ఆ దారిని కనుక్కోవడానికి ఆయన తన పిల్లలనే కాపలా పెట్టాడు. ఒక్కొక్కరు ఒక్కో పొద దగ్గర నిలబడి, తుమ్మెద రాగానే కేక వేస్తుంటే, ఆ కేకల వరసను బట్టి ఆయన దారి గుర్తించాడు. పెద్దవారు ఒక్కరే పరుగెత్తి చేయలేని పని అది.

జిల్లేడు, కరివేపాకు, ఆరుద్ర

కాసు బ్రహ్మానంద రెడ్డి ఉద్యానం 1998 నుంచి జాతీయ ఉద్యానం కనుక అక్కడ ఆకు కోయడం, పురుగును పట్టడం, రాయి ఏరుకోవడం చట్టం ఒప్పని పనులు. అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని నెమలినీ, 250 కోట్ల ఏళ్ళ నాటి నల్లసేనపు గుండ్లనూ చూసి రావలసిందే. ముట్టుకుని చూసే పనికి కాలనీ పార్కు నయం. అక్కడ కూడా రోమాలున్న గొంగళిపురుగును తాకనివ్వకపోవడం, రాళ్ళూ ఆకుల కుప్పలూ చేత్తో కాక కర్రతో ఒత్తిగించడం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమని ముందే చెప్పడం పెద్దల బాధ్యత.

ఆ జిల్లేడు మీదనే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కొరుకుతూ కనిపిస్తుంది. దాని వీపు మీద మూడు జతల నల్లని కొమ్ములు ఉంటాయి. విషపు పాలున్న ఆకును తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని, అది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. ఒకసారి దాన్ని తిని కక్కుకున్న పిట్ట ఆ రంగును మళ్ళీ ముట్టదు. ఈ భయాన్ని వాడుకునే మరొక సీతాకోకచిలుక ఉంది. డానెయిడ్ ఎగ్‌ఫ్లై అనే జాతిలో ఆడది గంగవాయిలి కూర తిని పెరిగి, ఒంట్లో విషమేమీ లేకుండానే అచ్చం అదే నారింజ వేషం వేసుకుంటుంది. మగది మాత్రం నల్లగా, తెల్లని మచ్చలతో ఉంటుంది. విషం లేనిది విషమున్నదానిలా కనిపించి బతకడాన్ని అనుకరణ అంటారు, దీన్ని 1862లో వివరించిన హెన్రీ బేట్స్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు.

తొలకరి పడ్డాక, జూన్ చివర ఆరుద్ర కార్తెలో, తడి నేల మీద ఎర్రని మఖమలు ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగులు పిల్లను మళ్ళీ ఆపేస్తాయి. ఇక్కడ లెక్క నేర్పవచ్చు: చీమకు ఆరు కాళ్ళు, సీతాకోకచిలుకకు ఆరు, దీనికి ఎనిమిది. కనుక ఇది కీటకం కాదు, సాలీడుకు బంధువు. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపలే ఉండి, వాన పడ్డ కొద్ది రోజులు మాత్రమే ఇలా బయట తిరుగుతుంది.

కరివేపాకు మొక్కకు పార్కు కూడా అవసరం లేదు, పెరటిలోనో కుండీలోనో ఉంటుంది. లేత ఆకు మీద సీతాకోకచిలుక పెట్టిన గుండ్రని లేత పసుపు గుడ్డు, దానిలోంచి వచ్చి పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు, అది కుబుసాలు విడిచి ఆకుపచ్చగా మారడం, తాకితే తల వెనకనుంచి ఎర్రని చీలిక కొమ్ము బయటికి తెచ్చి ఘాటైన వాసన వదలడం, ఇవన్నీ మూడు నాలుగు వారాల్లో ఒకే రెమ్మ మీద జరిగిపోతాయి. పచ్చని కాడ మీద కట్టిన ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే దశ, పచ్చగానూ, ఎండు కొమ్మ మీదది చాలాసార్లు గోధుమరంగులోనూ ఉండడం గమనించదగినది. రోజూ లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసిన పిల్లకు అన్నిసార్లూ సీతాకోకచిలుక దొరకదు. కొన్ని ప్యూపాలలో చిన్న కందిరీగ జాతులు ముందే గుడ్లు పెట్టి ఉంటాయి, వాటి పిల్లలు లోపలి ప్రాణిని తినేసి బయటికి వస్తాయి. ఈ సంగతి చెప్పకుండా దాచి, ‘అది ఎగిరిపోయింది’ అని పిల్లకు సర్దిచెప్పే పెద్దలున్నారు. దాచడం అనవసరం, పైగా దొరికిపోతారు. సీతాకోకచిలుక బయటపడిన డొల్ల తలవైపు నిలువునా పగిలి ఉంటుంది. కందిరీగలు వెళ్ళిన డొల్లకు పక్కన గుండుసూది తలంత గుండ్రని చిల్లి ఉంటుంది. రెండు డొల్లలను పక్కపక్కన పెట్టి ఇస్తే, ఏది ఎవరి ఇల్లో మూడేళ్ళ పిల్ల విడదీసి చూపిస్తుంది.